12 అడుగుల పడవకు కాస్టింగ్ డెక్: బలం సరే, ఎత్తు సంగతేంటి?

కొరమీనుకు గాలం వేసేవాళ్ళు కూర్చుని వేయరు. గుర్రపు డెక్క తుట్టెల మధ్య ఎక్కడో అరచేయంత ఖాళీ నీళ్ళు కనిపిస్తాయి. రబ్బరు కప్ప సరిగ్గా అక్కడే పడాలి. అందుకు చూపు పైనుంచి పడాలి, చెయ్యి అడ్డం లేకుండా ఆడాలి. అంటే నిలబడాలి. చిన్న పడవ ముందు భాగంలో అలా నిలబడటానికి వేసే చదునైన అరుగే కాస్టింగ్ డెక్. ప్రకాశం బ్యారేజీ ఎగువన సరదాగా చేపలు పట్టే ఒకాయన తన అల్యూమినియం పడవకు అలాంటిది వేయించుకున్నారు. ఆ పని విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో జరిగింది. మా అసలు పని లారీ బాడీలు కట్టడం. షీటు, ఏంగిల్, రివెట్ మాకు రోజూ ఉండేవే. పడవ దగ్గరికి వచ్చేసరికి వాటికి నీళ్ళ లెక్క తోడైంది. ఈ కేసు రాయడానికి కారణం ఆ లెక్కే.

పడవ, ఆయన కోరిక

పడవ పొడవు 12 అడుగులు. అడుగు చదునుగా ఉండే జాన్ బోటు రకం, మొత్తం రివెట్ల కట్టుబడి. అడుగు వెడల్పు 42 అంగుళాలు, పై అంచు దగ్గర 54, లోపలి లోతు 20. ముందు, నడుమ, వెనక మూడు అడ్డబల్లలు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. తూకం వేస్తే 80 కిలోలు. వెనక 5 హార్స్‌పవర్ పెట్రోల్ మోటారు. ముందు భాగంలో చప్పుడు లేకుండా నడిచే కరెంటు మోటారు ఒకటి కొత్తగా పెట్టుకోవాలని ఆయన ఆలోచన.

ఫోన్లో ఫొటోలు చూపించారు. అమెరికాలో బాస్ చేపల పోటీలకు వాడే పడవలు. డెక్ పడవ అంచుతో సమానంగా ఉంటుంది, పైన కార్పెట్, మధ్యలో స్తంభం మీద తిరిగే కుర్చీ. "అచ్చం ఇలాగే కావాలండీ" అన్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఆ పడవలు 18 నుంచి 20 అడుగుల పొడవు, 7-8 అడుగుల వెడల్పు. ఇక్కడ నీళ్ళను తాకే చోట వెడల్పు మూడున్నర అడుగులు. ఒరగకుండా నిలదొక్కుకునే శక్తి వెడల్పుతో మామూలుగా పెరగదు. వెడల్పు రెట్టింపైతే, మునిగే లోతు అంతే ఉన్నప్పుడు, అది నాలుగింతలవుతుంది. ఫొటోలోని పడవకూ షెడ్డులోని పడవకూ పోలిక ఇక్కడే చెడింది.

మొదట అడిగిన ప్రశ్న బరువు గురించో మెటీరియల్ గురించో కాదు. "డెక్ మీద నిలబడేది మీరొక్కరేనా, ఇంకెవరైనానా?"

"మా బామ్మర్ది కూడా వస్తాడండీ. చేప తగిలాక వాడు కూర్చుంటాడా?"

ఆ జవాబుతోనే డిజైను సగం తేలిపోయింది.

ఎత్తు లెక్క

పెట్టె ఆకారంలో ఉన్న పడవకు లెక్క తేలిక. నీటిమట్టం దగ్గర వెడల్పును వర్గం చేసి, మునిగిన లోతుకు 12 రెట్లతో భాగిస్తే ఒక ఎత్తు వస్తుంది. మునిగిన భాగం మధ్యబిందువు నుంచి అంత ఎత్తున మెటాసెంటర్, అంటే పడవ ఒరిగేటప్పుడు ఇరుసులా పనిచేసే బిందువు, ఉంటుంది. మొత్తం బరువు కేంద్రం దానికి ఎంత కింద ఉంటే పడవ అంత నిబ్బరంగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఊగులాట పెరుగుతుంది, దాటితే బోల్తా. ఈ పడవలో ఇద్దరు మనుషులు, మోటార్లు, సామాను, డెక్ అన్నీ కలిపి 330 నుంచి 350 కిలోలు. అంత బరువుకు అది 10 సెంటీమీటర్లు మునుగుతుంది. వెడల్పు 1.1 మీటర్లు. లెక్కిస్తే మెటాసెంటర్ పడవ అడుగు నుంచి దాదాపు ఒక మీటరు ఎత్తున వస్తుంది.

ఇప్పుడు మనిషి సంగతి. నిలబడ్డ మనిషి బరువు కేంద్రం బొడ్డు దగ్గర, పాదాల నుంచి సుమారు 95 సెంటీమీటర్ల పైన ఉంటుంది. పడవ అడుగున నిలబడితేనే అది మెటాసెంటర్ దాకా వచ్చేసింది. అంచుతో సమానంగా, అంటే 50 సెంటీమీటర్ల ఎత్తున డెక్ వేసి దాని మీద నిలబెడితే ఒకటిన్నర మీటరు దగ్గరికి పోతుంది. ఆ ఒక్క మనిషిని మిగతా సామానంతా కిందికి లాగిపెడుతుంది కాబట్టి పడవ తట్టుకుంటుంది. ఇద్దరూ లేచి నిలబడితే కిందికి లాగడానికి మిగిలేది తక్కువ.

రెండు ఎత్తులకు లెక్క వేశాం. ఒకటి ఆయన అడిగిన 20 అంగుళాలు, రెండోది మేం అనుకున్న ఎనిమిదిన్నర. ఒక్కరే నిలబడి, మధ్య నుంచి 30 సెంటీమీటర్లు పక్కకు జరిగితే ఎత్తు డెక్ మీద పడవ 10 డిగ్రీలు ఒరుగుతుంది, పొట్టి డెక్ మీద ఎనిమిదిన్నర. ఆ తేడా కాళ్ళకు తెలియదు. ఇద్దరూ నిలబడి, ఇద్దరూ ఒకే పక్కకు 30 సెంటీమీటర్లు జరిగితే పొట్టి డెక్ మీద 20 డిగ్రీలు, ఎత్తు డెక్ మీద 31. ఈ పడవ అంచు నీళ్ళను తాకేది 30 డిగ్రీల దగ్గర.

ఈ పనిలో అసలు చిక్కంతా ఇదే. ఒంటరిగా ఎక్కి చూసినవాడికి ఎత్తు డెక్ బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. చేప తగిలి, ఇద్దరూ వల అందుకోవడానికి ఒకే వైపు వంగిన క్షణంలో పడవ తీరే మారిపోతుంది. ట్రయల్ ఒక్కరితోనే చేస్తే ఆ సంగతి బయటపడదు.

అంకెలు చూపించాక కూడా ఆయనకు మనసొప్పలేదు. "ఇంత పొట్టిగా వేస్తే డెక్ వేసినట్టేం ఉంటుందండీ?" అన్నారు. కాగితం మీద కుస్తీ పట్టేకన్నా నీళ్ళలో తేల్చుకుందాం అన్నాం.

నీళ్ళలో నమూనా

సీతానగరం వైపు నడుము లోతు నీళ్ళున్న చోట, పొద్దున్నే గాలి లేనప్పుడు పడవ దింపాం. అందరికీ లైఫ్ జాకెట్లు. మోటార్ల బదులు అంతే బరువు ఇసుక బస్తాలు. కలప దిమ్మల మీద ప్లైవుడ్ ముక్క వేసి, కదలకుండా తాళ్ళతో బిగించి, ముందు 20 అంగుళాల ఎత్తు, తర్వాత ఎనిమిదిన్నర పెట్టి చూశాం. ఒరుగుడు కొలవడానికి యంత్రమేమీ అక్కర్లేదు. వెనక బల్ల దగ్గర నిట్రాడలా ఒక కర్ర నిలబెట్టి, మీటరు దారానికి పెద్ద ఇనుప నట్టు కట్టి వేలాడదీశాం. నట్టు ఊగకుండా వెడల్పాటి నీళ్ళ తొట్టిలో ముంచి, తొట్టి పైన అడ్డంగా స్కేలు పెట్టాం. దారం ఎన్ని సెంటీమీటర్లు పక్కకు జరిగిందో చదివితే చాలు, 17 సెంటీమీటర్లు జరిగితే దాదాపు 10 డిగ్రీలు.

మనిషి బదులు ఇసుక బస్తాలనే డెక్ మీద పెట్టి ఒరుగుడు చూడొచ్చు కదా అని మా కుర్రాడు అడిగాడు. కుదరదు. బస్తా డెక్ మీద పడుకుని ఉంటుంది, దాని బరువు అక్కడే. నిలబడ్డ మనిషి బరువు దానికి మూడడుగుల పైన ఉంటుంది. ఈ పరీక్షలో తేలాల్సిందే ఆ మూడడుగుల సంగతి.

ఆయనొక్కరే ఎత్తు డెక్ మీద నిలబడి పక్కకు జరిగితే దారం 18 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. పొట్టి దాని మీద 15. "చూశారా, ఏం తేడా ఉందండీ?" అన్నారు నవ్వుతూ. తర్వాత బామ్మర్దిగారు కూడా ఎక్కారు. పొట్టి డెక్ మీద ఇద్దరూ కలిసి జరిగితే దారం 36 దాకా పోయి నిలబడింది. ఎత్తు డెక్ మీద సగం అడుగు జరిగేసరికే అదే అంకె దాటింది. అప్పటికి పడవ ఆగలేదు, నెమ్మదిగా ఇంకా ఒరుగుతూనే ఉంది. ఇద్దరూ తమంతట తామే గబుక్కున కూర్చుండిపోయారు. మళ్ళీ ఎత్తు గురించి మాట రాలేదు.

ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకరు ఇదంతా చూస్తూ, "పడవలో కొయ్యలాగా నిలబడితే ఎట్టా బాబూ, మోకాళ్ళు వంచాల" అన్నారు. అదీ ఇదే లెక్క. మోకాళ్ళు వంచితే ఎత్తు నాలుగంగుళాలు తగ్గుతుంది.

ఈ ఊళ్ళో పడవ ఒరగడం గురించి ఎవరూ తేలిగ్గా మాట్లాడరు. 2017 నవంబర్ 12న ఇక్కడికి దగ్గర్లోనే, పవిత్ర సంగమం దగ్గర పర్యాటకుల పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. మనుషులు ఎంతమంది ఎక్కారు, ఎక్కడ నిలబడ్డారు అనేవి పడవ డిజైనులో భాగమే. అమెరికాలో చిన్న పడవలకు వాడే మోటు లెక్క ఒకటుంది: పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించి 15తో భాగిస్తే మనుషుల సంఖ్య. ఈ పడవకు మూడున్నర వస్తుంది, అంటే ముగ్గురు. అది కూర్చున్నవాళ్ళ లెక్క అని గుర్తుపెట్టుకోవాలి.

బల్లలు, వాటి కడుపులో ఉన్నది

డెక్ ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తున రావాలంటే 12 అంగుళాల ఎత్తున్న ముందు బల్ల అడ్డం. నడిమి బల్ల కూడా తీసేస్తే డెక్ పొడుగ్గా వస్తుంది కదా అని ఆయన అడిగారు. ఒప్పుకోలేదు. ఇలాంటి పడవల్లో అడ్డబల్ల కూర్చోవడానికి మాత్రమే ఉండదు. రెండు పక్కల గోడలు లోపలికో బయటికో వంగకుండా పట్టి ఉంచేది అదే. నడిమి బల్ల తీస్తే మధ్యలో పడవ మొత్తం పీచుమిఠాయి డబ్బాలా నొక్కుకుపోతుంది. దాన్ని ముట్టుకోలేదు. ముందు బల్ల మాత్రం విప్పి, అది గోడలకు పట్టుకున్న పాత రివెట్ల చోటునే ఒక అల్యూమినియం చానల్ అడ్డంగా బిగించాం. డెక్ ఫ్రేము దాని మీదా ఆనుతుంది.

ముందు బల్ల రివెట్ల తలలు డ్రిల్లుతో ఎగరగొట్టి పైరేకు లేపాక కనిపించిందే ఈ కేసులో మమ్మల్ని ఎక్కువ ఆశ్చర్యపరిచింది. లోపల తెల్లటి ఫోమ్ దిమ్మ. పడవలో నీళ్ళు నిండినా మునిగిపోకుండా తేల్చేది అదే. వేలితో నొక్కితే సన్నటి బుడగలతో నీళ్ళు ఊరాయి. అడుగు భాగం పసుపు తిరిగి, రేకుకు ఆనిన చోట నాచు పట్టి, కుళ్ళిన చెరువు వాసన. 40 లీటర్ల పరిమాణం ఉన్న ఆ దిమ్మ పొడిగా ఉంటే కిలోన్నర తూగాలి. కాటా మీద పెడితే 9 కిలోలు దాటింది. ఏళ్ళ తరబడి రివెట్ కంతల్లోంచి దిగిన నీళ్ళు బయటికి పోయే దారి లేక దాన్నిండా పట్టాయి. తేల్చాల్సిందే బరువై కూర్చుంది. నడిమి బల్ల పక్కన చిన్న కంత చేసి చూస్తే అక్కడ పొడిగానే ఉంది. వెనక బల్లలో మాత్రం కింది సగం తడి.

పాత అల్యూమినియం పడవ మీద డెక్ వేసేవాళ్ళు ఏ పనీ మొదలుపెట్టకముందే ఈ ఫోమ్ చూడాలి. డెక్ వేశాక దాన్ని ఎవరూ విప్పి చూడరు.

ఎంత ఫోమ్ కావాలి? అల్యూమినియం నీటికంటే 2.7 రెట్లు బరువు, కాబట్టి మునిగిన 80 కిలోల పడవ నీళ్ళలో 50 కిలోలు తూగుతుంది. మోటార్లు, బ్యాటరీ, డెక్ కలిపి ఇంకో 50. అంటే మొత్తం 100 కిలోలు మోయడానికి 100 లీటర్లకు కొంచెం పైన కావాలి, దాని మీద మనుషులు పట్టుకుని వేలాడటానికి ఇంకొంత. నడిమి, వెనక బల్లల్లో కలిపి 150 లీటర్లు, ముందు రెండు పక్కల గోడలకు, పై అంచు కింద, రెండంగుళాల మందం పలకలు 35 లీటర్లు పెట్టాం. పక్కలకు, పైకి పెట్టడంలో ఉద్దేశం ఉంది. ఫోమ్ అంతా అడుగునే ఉంటే నీళ్ళు నిండిన పడవ తిరగబడి తేలుతుంది. పైన, పక్కల ఉంటే నిటారుగా తేలుతుంది. మనిషి పట్టుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది.

వాడింది డాబాల మీద ఎండ తగలకుండా వేసే ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరిన్ షీట్లు. ప్యాకింగ్ థర్మోకోల్ కంటే ఇది నీళ్ళు చాలా తక్కువ పీలుస్తుంది. ఒక చిక్కుంది, పెట్రోల్ తగిలితే పాలీస్టైరిన్ కరిగిపోతుంది. అందుకే వెనక, ట్యాంకు దగ్గర, పాలీయురేథేన్ దిమ్మలు పెట్టాం. బల్లల అడుగున ఈసారి నీళ్ళు కారిపోవడానికి కంతలు వదిలాం.

ఏ మెటీరియల్

ప్లైవుడ్ చవక కదా అని అందరూ అంటారు. బరువులో కూడా పెద్ద తేడా లేదు. 12 ఎంఎం మెరైన్ ప్లై చదరపు మీటరుకు 8-9 కిలోలు ఉంటుంది, 3 ఎంఎం అల్యూమినియం షీటు 8.1 కిలోలు. కానీ ప్లై అంచుల్లోంచి నీళ్ళు తాగుతుంది, తాగాక ఆ లెక్క చెల్లదు. అసలు భయం వేరే ఉంది. ప్లైకి చెదలు, బూజు పట్టకుండా వేసే మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది. రాగి తగిలిన తడి అల్యూమినియం గుంటలు పడి తినుకుపోతుంది. ప్లై వేయాల్సి వస్తే మెరైన్ ప్లైకి వేసే ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకుని, అంచులతో సహా ఎపాక్సీ పూసి, అల్యూమినియానికి నేరుగా ఆనకుండా చూసుకోవాలి. ఆ కూలీ కలిపితే చవక అన్న మాట నిలబడదు. ఇనుప ఫ్రేము సంగతి ఆలోచించే పనే లేదు. దాదాపు మూడింతల బరువు, పైగా అల్యూమినియానికి ఆనించి తడిపితే అసలుకే ఎసరు.

షీటుకు 5052 గ్రేడు, 3 ఎంఎం తీసుకున్నాం. ఫ్రేముకు ఒకటిన్నర అంగుళం ఏంగిల్, 3 ఎంఎం మందం, 6063 గ్రేడు. తలుపులు, కిటికీల సెక్షన్లు అమ్మే షాపులో ఇదే గ్రేడు దొరుకుతుంది. లారీ ఫుట్‌బోర్డులకు వేసే చెకర్ ప్లేటే వేయమని ఆయన సరదా పడ్డారు. వద్దన్నాం. పైన ఫోమ్ షీటు అంటించాలి, ఎత్తుపల్లాల మీద అది పట్టదు. మోకాళ్ళ మీద కూర్చుని చేప నోట్లోంచి గాలం తీసేవాడికి ఆ గీతలు మోకాళ్ళలో దిగుతాయి కూడా.

ఫ్రేము

డెక్ పొడవు 140 సెంటీమీటర్లు, ముక్కు దగ్గర నుంచి నడిమి బల్ల దాకా. అడ్డ ఏంగిళ్ళు ప్రతి 9 అంగుళాలకు ఒకటి. 12 అంగుళాలకు వేసినా విరగదు. కానీ 3 ఎంఎం షీటు ఆ దూరానికి అడుగు పడ్డప్పుడల్లా కొద్దిగా దిగి లేస్తుంది, టప్‌మని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు పడవ అడుగు ద్వారా నేరుగా నీళ్ళలోకి పోతుంది. తుట్టె అంచున ఉన్న కొరమీను అది వినగానే ఉండదు.

ఒక్కో అడ్డ ఏంగిల్ కింద రెండు కాళ్ళు. కాలు ఎక్కడ ఆనాలన్నది ముఖ్యం. పడవ అడుగు రేకు మందం 1.6 ఎంఎం. దాని మీద కాలు దింపితే 80 కిలోల మనిషి దూకినప్పుడు ఆ చోటు సొట్ట పడుతుంది, పక్క రివెట్లు సడలుతాయి. అందుకే ప్రతి కాలూ లోపల అడ్డంగా ఉండే పక్కటెముకల మీదే ఆనేలా కొలిచి కోశాం, మధ్యలో 5 ఎంఎం ప్లాస్టిక్ పలక. పక్కలకు బిగింపు కూడా నీటిమట్టానికి పైన ఉన్న ఎముకలకే. నీటిమట్టం కింద పడవ రేకుకు ఒక్క కంత కూడా చేయకూడదన్నది ఈ పనికి మేం పెట్టుకున్న నియమం. దానివల్ల రెండు చోట్ల కాళ్ళు అనుకున్న చోట రాలేదు, చిన్న అడ్డపట్టీ వేసి సర్దుకోవాల్సి వచ్చింది.

ఆర్గాన్ వెల్డింగ్ ఎందుకు చేయలేదని ఒకరిద్దరు అడిగారు. 6063 ఏంగిల్‌కు వెల్డు పక్కన వేడి తగిలిన చోట బలం దాదాపు సగానికి పడిపోతుంది. సన్నటి పడవ రేకు వేడికి మెలితిరుగుతుంది, పాత రివెట్ల దగ్గర కారడం మొదలవుతుంది. కాబట్టి పడవకు అంటిన ప్రతి చోటా రివెట్లే. వెల్డింగ్ ఫ్రేము మూలల్లో మాత్రమే, అదీ పడవ బయట చేసి లోపలికి దింపాం.

రివెట్లు 4.8 ఎంఎం, మూసిన తల రకం, లోపలి మేకు కూడా అల్యూమినియమే. మామూలు పాప్ రివెట్‌లో లాగి తెంచే మేకు ఇనుముది ఉంటుంది, దాని ముక్క లోపలే ఉండిపోయి తుప్పు పట్టి గోధుమరంగు కన్నీళ్ళు కారుస్తుంది. ప్రతి కంతలో రివెట్‌కు ముందు పాలీయురేథేన్ సీలెంట్ ఒక బొట్టు. విప్పదీసే చోట్ల, అంటే మూతలకు, మోటారు పలకకు, స్టెయిన్‌లెస్ బోల్టులు వేశాం, నైలాన్ వాషర్లతో. పెద్ద అల్యూమినియం మీద చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు కృష్ణ మంచినీళ్ళలో ఇబ్బంది పెట్టదు. నాగాయలంక వైపు ఉప్పునీళ్ళలో పండుగప్పకు వెళ్ళేవాళ్ళు మాత్రం ఇంకా జాగ్రత్తగా ఉండాలి, వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాలి.

లారీ బాడీ షెడ్లలో ఇలాంటి పని చేసేవాళ్ళకు ఒక మాట. ఇనుము కోసిన గ్రైండర్ వీల్‌తో అల్యూమినియం ముట్టుకోకూడదు. వీల్‌లో ఇరుక్కున్న ఇనుప రజను అల్యూమినియంలో దిగబడి, మొదటి వానకే చుక్కచుక్కగా తుప్పు కనిపిస్తుంది, దాని కింద గుంటలు. ఈ పనికి షెడ్డులో ఒక మూల తుడిచి, టార్పాలిన్ కట్టి, కొత్త వీళ్ళు, స్టెయిన్‌లెస్ వైర్ బ్రష్ విడిగా పెట్టుకున్నాం.

షీటుకు చుట్టూ 3 ఎంఎం సందు వదిలాం. ఒకటిన్నర మీటరు అల్యూమినియం మన చలికాలపు పొద్దుటికీ మే నెల మధ్యాహ్నానికీ మధ్య ఒకటిన్నర ఎంఎం దాకా సాగుతుంది. సందు లేకపోతే షీటు మధ్యలో పొంగుతుంది, మళ్ళీ ఆ టప్ చప్పుడు.

కాలికి తగిలేది

మే నెలలో బెజవాడ ఎండలో ఖాళీ అల్యూమినియం మీద చెప్పుల్లేకుండా ఎవరూ నిలబడలేరు. కార్పెట్ ఆయన కోరిక. అది నీళ్ళు పట్టి ఉంచుతుంది, చేప జిగురు పట్టాక వాసన పోదు, కింద షీటు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. 6 ఎంఎం ఈవా (రబ్బరులా మెత్తగా ఉండే ప్లాస్టిక్) ఫోమ్ షీటు వేశాం, లేత బూడిదరంగుది. నల్లది చూపుకు బాగుంటుంది కానీ కాలు కాలుతుంది. అల్యూమినియం షీటును థిన్నర్‌తో తుడిచి, సన్నటి ఎమరీతో గరుకు చేసి, మళ్ళీ తుడిచి అంటించాలి. ఈ తుడవడంలో బద్ధకిస్తే ఒక వేసవికే అంచులు లేస్తాయి. నిజం చెప్పాలంటే ఈ డెక్‌లో ఆయనకు రోజూ సుఖమిచ్చేది ఫ్రేము కాదు, ఈ ఈవా షీటే. కాలు జారదు, కాలదు, సీసం గుండు కింద పడ్డా చప్పుడు రాదు.

బ్యాటరీ, వైర్లు

ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడి పక్కన పెట్టిన 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఉంది, అదే పెడదామన్నారు. అది 50 కిలోల పైమాటే, ఒరిగితే యాసిడ్ కారుతుంది. 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది 12 కిలోల చిల్లర. ధర ఎక్కువే. కానీ ముందు మనిషి, మోటారు ఇద్దరి బరువూ ముక్కు మీద పడే పడవలో ఇంకో 50 కిలోలు ముందు పెట్టలేం. బ్యాటరీని నడిమి బల్ల వెనక, అడుగున పెట్టాం.

55 పౌండ్ల తోపుడున్న 12 వోల్టుల మోటారు ఫుల్ స్పీడులో 50 ఆంపియర్లు లాగుతుంది. 16 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్, బ్యాటరీ పక్కనే 60 ఆంపియర్ల బ్రేకర్. లారీలో అలవాటు ప్రకారం నెగటివ్‌ను బాడీకి కలిపేస్తారు. పడవలో ఆ పని చేయకూడదు. కరెంటు పడవ రేకులోంచి నీళ్ళలోకి దారి చూసుకుంటే రేకు తినుకుపోతుంది. రెండు వైర్లూ విడిగా, పడవకు ఎక్కడా తగలకుండా తీసుకెళ్ళాం. మా ఎలక్ట్రీషియన్‌కు ఇది రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, చెయ్యి అలవాటు అలాంటిది.

డెక్‌లో రెండు మూతలు. పెద్దది లైఫ్ జాకెట్లు, తాళ్ళకు. చిన్నది సరిగ్గా అడుగున నీళ్ళు చేరే చోటు పైన. దీని మీద ఆయన మొదట ఆసక్తి చూపలేదు, డెక్ అతుకులు లేకుండా ఉంటే అందంగా ఉంటుందని. అడుగున నీళ్ళు చేరితే చూడటానికి, తోడటానికి దారి లేని డెక్ వేయలేమని చెప్పాం.

దింపి చూశాక

డెక్, ఫ్రేము, మూతలు, ఈవా అన్నీ కలిపి 24 కిలోలు. ఇద్దరు మనుషులు ట్రైలర్ మీదికి ఎత్తగలిగే బరువు దాటకూడదని ముందే అనుకున్నాం. పడవ రాత్రిళ్ళు నీళ్ళలో వదలొద్దన్నది మా షరతు కూడా. 2024 సెప్టెంబర్ మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను ఎలా గుద్దుకున్నాయో ఊరంతా చూసింది. తీసి ఇంటికి తీసుకెళ్ళగలిగేంత తేలిగ్గా ఉంటేనే ఎవరైనా తీస్తారు.

అదే దారం, అదే నట్టుతో మళ్ళీ కొలిచాం. ఇద్దరూ నిలబడి ఒక పక్కకు జరిగితే 34 సెంటీమీటర్లు, నమూనాలో కన్నా కాస్త తక్కువే. అంచుకూ నీళ్ళకూ మధ్య ఇంకా జానెడు దాకా మిగిలింది. ముక్కు కొంచెం కిందికి దిగింది. పెట్రోల్ ట్యాంకు వెనక మూలకు జరిపితే సరిపోయింది. డెక్ చుట్టూ 11 అంగుళాల గోడ మిగలడం వల్ల ఇంకో లాభం కనిపించింది, పిక్కకు అంచు తగులుతూ ఉంటుంది కాబట్టి చూడకుండానే ఎంత పక్కకు వచ్చామో కాలికి తెలిసిపోతుంది. అంచుతో సమానంగా ఉన్న డెక్ మీద ఆ సంగతి చెప్పేది ఏదీ ఉండదు.

ఒకటి మాత్రం పూర్తిగా తీరలేదు. ఎదురుగాలికి ముక్కు కింద చిన్న అలలు తగిలినప్పుడు డెక్ కింది ఖాళీ గది చప్పుడును పెంచుతోంది. అడుగు రేకుకు లోపలి వైపు రబ్బరు షీటు ముక్కలు అంటిస్తే తగ్గింది, పోలేదు. ఇంకో నమూనాలో ఆ ఖాళీలోనే ఫోమ్ దిమ్మలు నింపి చూడాలి, నీళ్ళు కారే దారి మూసుకుపోకుండా.

తిరిగే కుర్చీ సంగతి ఆయన మళ్ళీ ఎత్తారు. స్తంభం మీద కాకుండా, డెక్‌కు మూడంగుళాల పైన మాత్రమే ఉండేలా పొట్టి బేస్ మీద పెట్టాం, కింద అడ్డ ఏంగిళ్ళ మధ్య 6 ఎంఎం పలక అదనంగా వేసి. అందులో బామ్మర్దిగారు కూర్చోవాలన్నది ఒప్పందం.